కెమెరా కంటికి రెండు పొరలు

ఆ వీడియోలో నాకు కనబడింది ఒక తెల్లటి మచ్చ. మా మరిదికి కనబడింది ఒక హంతకురాలు.

"చూశావుగా వదినా! తెల్లకోటు, భుజాన సంచి. బుధవారం మధ్యాహ్నం మూడూ అయిదుకి లోపలికి, మూడూ ఇరవైకి బయటికి. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు, ఫోన్ నా ముక్కు ముందు ఆడిస్తూ.

"మొహం కావాలి."

"మొహం లేకపోతేనేం, కోటు ఉందిగా."

"అయితే కోటుని లోపలెయ్యి. ఆ పిల్లనెందుకు వేశావు?"

మా ఆయన తమ్ముడు ఈ స్టేషన్‌కి ఇన్‌స్పెక్టరు. ఇంట్లో నా చేతి వంట తింటూ "మా వదిన బుర్రే బుర్ర" అంటాడు. ఇక్కడికొచ్చేసరికి ఆ బుర్రని గుమ్మం బయటే పెట్టి రమ్మంటాడు. ఇరవై రెండేళ్ళు మా ఆయనతో కలిసి ఫోటో స్టూడియో నడిపి, ఆ తర్వాత ఈ డిటెక్టివ్ పనిలోకి దిగాను. మా ఆయన ఇంకా పాస్‌పోర్టు ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. స్టేషన్ వాళ్ళు నా వెనకాల నన్ను "భూతద్దం" అంటారని నాకు తెలుసు. నాకు తెలుసని వాళ్ళకి తెలియదు.

"నాలుగింటికి కోర్టులో నిలబెడుతున్నాను. కాపలాలూ గీపలాలూ అన్నీ ఎత్తేశాను, కేసు అయిపోయింది. నీకు మూడు నిమిషాలిస్తున్నాను, అదీ వదినవి కాబట్టి," అన్నాడు మరిది.

అప్పుడు టైము ఒంటిగంటా ఇరవై.

లాకప్‌లో ఉన్నది ఇరవై ఆరేళ్ళ ఫిజియో అమ్మాయి. ఇళ్ళకు వెళ్ళి, మంచం పట్టినవాళ్ళ కాళ్ళూ చేతులూ ఆడించే పని. పొద్దున్న ఆ పిల్ల తల్లి నా దగ్గరికొచ్చింది. బట్టలు కుట్టే మనిషి, మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తీసి రావాలన్న ధ్యాస కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. "నా కూతురు మనుషుల్ని లేపి నడిపిస్తుందమ్మా, చంపదు," అంది. పేషెంటైన ఓ మాస్టారి మొహాన దిండు నొక్కిందన్న మాట ఒక్కసారి కోర్టు కాగితం మీదికెక్కితే, తర్వాత వదిలేసినా ఆ పిల్లని ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. తల్లి భయం అది. నా కోపమూ అదే.

"టైములు చెప్పు. ఏడవకుండా చెప్పు," అన్నాను.

"రెండింటికి మాస్టారింటికి వెళ్ళాను మేడం. రెండూ నలభై అయిదుకి బయటికొచ్చేశాను. మూడింటి పేషెంట్ ఆ రోజు వద్దన్నారు. పార్కులో బెంచీ మీద కూర్చుని అన్నం తిన్నాను. నన్ను ఎవరూ చూడలేదు."

"నీకు కోట్లు ఎన్ని?"

"రెండు. ఒకటి వేసుకుంటాను. రెండోది మాస్టారి గది తలుపు వెనక కొక్కేనికి ఉంటుంది. నూనె మరకలవుతాయని అక్కడే ఉంచుతాను. బుధవారం చూస్తే అది లేదు. పెద్దమ్మగారు ఉతకడానికి తీశారనుకున్నాను."

"ఈ మాట ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?"

"చెప్పాను. నవ్వారు."

నాకు ఒళ్ళు మండింది. "మంగళవారం ఏదైనా విశేషం జరిగిందా ఆ ఇంట్లో?"

ఆ అమ్మాయి మొహం అంత ఏడుపులోనూ వెలిగింది. "మాస్టారు పెన్సిల్ పట్టుకున్నారు మేడం! ఎనిమిది నెలల తర్వాత! మేడమెట్ల మీంచి పడి తలకి దెబ్బ తగిలాక మాట పోయింది, కుడివైపంతా పడిపోయింది. అలాంటిది, మంగళవారం పెన్సిల్ పట్టుకుని కాగితం మీద గీత గీశారు. ఇంకో నెలలో రాయగలరని అందరికీ చెప్పాను."

"అందరికీ అంటే?"

"పెద్దమ్మగారికి, కోడలుగారికి. కొడుకుగారు పనిలో ఉంటే ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆనందం పట్టలేకపోయాను."

బయటికొచ్చి మరిది చేతిలోని ఫోన్ లాక్కుని ఆ వీడియో మళ్ళీ చూశాను. ఈసారి తెల్లటి మచ్చని వదిలేసి, ఎండకి మెరుస్తున్న గేటు మీది దీపాన్ని చూశాను. దీపం గుండ్రంగా లేదు. కింద నుంచి పైకి, కుడివైపుకి గీరినట్టు సాగి ఉంది.

"ఈ వీడియో నీకెలా వచ్చింది?"

"మాస్టారి కొడుకు వాట్సాప్‌లో పంపాడు."

"వాట్సాప్‌లోనా? ఒక మనిషి బతుకుని తేల్చే సాక్ష్యాన్ని గుడ్‌మార్నింగ్ బొమ్మలాగా ఫార్వర్డ్ చేయించుకున్నావా? కెమెరా దగ్గరికి వెళ్ళి చూశావా అసలు?"

"కెమెరాని చూస్తే ఏముంటుంది వదినా? అది చూసింది చూస్తే చాలు."

ఇంకొక్క మాట మాట్లాడితే చెయ్యి లేచేలా ఉంది. ఆటో ఎక్కాను.

ఆ ఇంటికి చేరేసరికి ఒంటిగంటా నలభై అయిదు.

తలుపు తీసింది పెద్దావిడ, మాస్టారి భార్య. డెబ్భైకి దగ్గర పడ్డ మనిషి, నిటారుగా ఉంది. రెండు రోజులుగా నిద్రలేని కళ్ళు. కానీ నేను కుర్చీలో కూర్చోబోతుంటే ఆ కళ్ళు నా మీద కాదు, కుర్చీకి ఉన్న ప్లాస్టిక్ కవరు మీద ఉన్నాయి.

"జాగ్రత్తమ్మా, చిరుగుతుంది."

అప్పుడు చూశాను. కుర్చీలకు షాపులో చుట్టిన ప్లాస్టిక్ అలాగే ఉంది. టీవీ రిమోట్ ప్లాస్టిక్ సంచిలో ఉంది, రబ్బరు బ్యాండుతో సహా. ఫ్రిజ్ తలుపు మీద అది ఎంత కరెంటు తింటుందో చెప్పే స్టిక్కరు, కొన్ననాటిది. గోడ గడియారం అద్దం మీద కూడా నీలం పొర. ఆ ఇంట్లో వస్తువులు వాడతారు గానీ విప్పరు.

"విప్పితే పాతబడిపోతాయి," అంది పెద్దావిడ, నా చూపు గమనించి. "మా మాస్టారు నవ్వేవారు. ముప్ఫై అయిదేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి, నా లెక్క మాత్రం ఆయనకి ఎక్కలేదు."

లోపలి గదిలోంచి కొడుకు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఒక ప్రింటింగ్ ప్రెస్సులో మేనేజరు. డిటెక్టివ్ అనగానే మొహం చిట్లించలేదు, పైగా మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. నాకు మంచినీళ్ళిచ్చే సాక్షులంటే పడదు. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఒక గుటక దూరం సంపాదిస్తారు.

"బుధవారం మూడింటికి మీరెక్కడ?"

"ప్రెస్సులోనండి. కాగితం గోడౌన్లో ఉన్నాను."

"తోడు?"

"ఒక్కణ్ణే. అప్పుడు అందరూ టీకి వెళ్ళే టైము."

"ప్రెస్సు ఇక్కడికి ఎంత దూరం?"

"బండి మీద పది నిమిషాలు." చిన్నగా నవ్వాడు. "నన్నే అనుమానిస్తున్నారా?"

"నేను మా ఆయన్ని కూడా అనుమానిస్తానండీ. మీరు మనసులో పెట్టుకోకండి. మీ ఆవిడ?"

"తను అప్పుడు స్కూల్లో ఉంది. టీచరు. మూడున్నర దాకా క్లాసులోనే ఉందని మీ ఇన్‌స్పెక్టరుగారు కనుక్కున్నారు."

"మీరు?" అని పెద్దావిడ వైపు తిరిగాను.

"మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. కిందికొచ్చేసరికి మూడూ ఇరవై అయిదు. మాస్టారు మంచానికి అడ్డంగా, దిండు నేల మీద... ఊపిరైతే ఉంది గానీ, ఇప్పటిదాకా ఆస్పత్రిలో కళ్ళు తెరవలేదు..." ఆవిడ ఒక్కసారిగా అరిచింది. "కన్నకూతుర్లా చూశానమ్మా ఆ పిల్లని! నా చేత్తో కాఫీ కలిపిచ్చాను! ఎందుకు చేసిందో నాకు తెలియాలి!"

"నాక్కూడా," అన్నాను.

కొడుకు మణికట్టు తిప్పి టైము చూసుకున్నాడు. గడియారం ముఖం లోపలివైపుకి పెట్టుకున్నాడు, నాడి చూసే చోట. "అమ్మా, రెండూ ఇరవై అయింది. నేను ఆస్పత్రికి వెళ్తాను. నీ కోడలు రాత్రి నుంచి నాన్న దగ్గరే ఉంది, అన్నం పెట్టి వచ్చేస్తాను." పెద్దావిడ కట్టిపెట్టిన క్యారియరు అందుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మాస్టారి గదిలోకి వెళ్ళి తలుపు వెనక చూశాను. కొక్కెం ఖాళీ.

"ఇక్కడుండే తెల్లకోటు ఉతికారా?"

"లేదే. దాన్ని నేను ముట్టుకోలేదు. మంగళవారం పొద్దున్న దులిపాను, అప్పుడుంది."

తర్వాత కెమెరా దగ్గరికెళ్ళాను. గుమ్మం పైన, గేటుకి ఎదురుగా ఉంది. గుండ్రంగా, చిన్నగా ఉంది. ఆ ఇంట్లో మిగతా వస్తువులన్నీ చూశాక నేను కనిపెట్టాల్సింది పెద్దగా లేదు. స్టూలెక్కాను. లెన్సు మీద, షాపులో అంటించిన సన్నటి ప్లాస్టిక్ పొర రెండేళ్ళుగా అలాగే ఉంది. అంచున పీకడానికి ఇచ్చిన చిన్న తోక కూడా ఉంది.

"పెద్దమ్మగారూ, ఇది పీకాలండీ!"

"పీకితే గీతలు పడవూ?" అంది ఆవిడ కింద నుంచి, కోపంగా.

"కెమెరా మీరే కొన్నారా?"

"నేనే. అబ్బాయి ఊళ్ళో లేనప్పుడు షాపతన్ని పిలిచి పెట్టించాను. లోపల ఒక మెమొరీ కార్డు కూడా ఊరికే ఇస్తానన్నాడు. ఊరికే వస్తే ఎందుకొద్దంటాను, వేయించాను. మొదటి రోజు నుంచీ మసగ్గానే వస్తోంది. పాలవాడో, పోస్టువాడో పోల్చుకోవడానికి చాలు."

స్టూలు దిగి ఆవిడ ఫోన్ అడిగి తీసుకున్నాను. దానికీ ప్లాస్టిక్ కవరే. కెమెరా యాప్ తెరిచాను. వీడియో క్వాలిటీ అట్టడుగున పెట్టి ఉంది.

"నెట్ అయిపోతుందని నేనే తగ్గించాను," అంది.

పై మెట్టుకి పెంచాను. కాస్త తేరుకుంది. సోమవారం వీడియో చూశాను. పాలు పోసినట్టు అంతటా ఒకేలా మసక. దీపం మాత్రం గుండ్రంగా ఉంది. మంగళవారం సాయంత్రం అయిదూ నలభై, గుండ్రంగానే ఉంది. ఆరింటి నుంచి ఆరున్నర దాకా వీడియోలే లేవు. ఆరూ నలభైకి చూస్తే దీపం కుడివైపుకి గీరినట్టు సాగిపోయి ఉంది. బుధవారమూ అంతే.

ఆ ఇంట్లో మసక ఒకటి కాదు, రెండు. మొదటిది రెండేళ్ళనాటిది, అందరికీ అలవాటైపోయింది. రెండోది మంగళవారం సాయంత్రం వచ్చింది. మొదటిదాని చాటున దాక్కుంది కాబట్టి ఎవరూ పోల్చుకోలేదు.

మళ్ళీ స్టూలెక్కి, టార్చి పక్కవాటంగా వేశాను. పొర మీద జిడ్డు. వేలితో ఒక్కసారి పైకి గీసిన చార. అంచున జిడ్డు దళసరిగా పేరుకున్నచోట, బొటనవేలి గీతలు స్పష్టంగా ఉన్నాయి.

దీని గురించి నాకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. స్టూడియోలో పెళ్ళికూతుళ్ళ మొటిమలు కనబడకుండా నేను చేసింది ఇదే పని. లెన్సు ముందు అద్దం బిళ్ళ పెట్టి, దాని మీద వాజిలిన్ పలచగా రాస్తే మొహం మెత్తగా కరిగిపోతుంది, బట్టలు మాత్రం తెలుస్తాయి. మొహం పోవాలి, బట్టలు ఉండాలి. ఈ మనిషికి కావలసిందీ సరిగ్గా అదే. కెమెరాని ఆపేస్తే తెల్లకోటు ఎవరికీ కనబడదు. స్పష్టంగా ఉంటే కోటులో ఎవరున్నారో తెలిసిపోతుంది. ఆ పిల్లని ఇరికించాలంటే మసకే కావాలి.

"ఎవరిచ్చారు నీకు పర్మిషన్?"

గేటు దగ్గర మా మరిది. జీపు తలుపు తెరిచే వదిలేశాడు. టైము రెండూ ఇరవై ఎనిమిది.

"అది సాక్ష్యం వదినా! దిగు కిందికి!"

"ఇందాకటిదాకా చూస్తే ఏముంటుందన్నావు, ఇప్పుడు సాక్ష్యమైందా? పైకి రా. రెండు కళ్ళతో చూడు."

నన్ను దింపి తను ఎక్కాడు. చూశాడు. "జిడ్డు. అంతేగా, దుమ్మూ జిడ్డూ," అంటూ జేబులోంచి రుమాలు తీశాడు.

టార్చితో అతని మణికట్టు మీద ఒక్కటిచ్చాను. రుమాలు నేల మీద పడింది.

"పిచ్చా నీకు? యూనిఫాంలో ఉన్నవాణ్ణి కొడతావా? కేసు రాస్తాను!"

"రాయి! ఒక ఆడపిల్ల బతుకుని రుమాలుతో తుడిచెయ్యబోయాడని కూడా రాయి! ఆ జిడ్డులో వేలిముద్ర ఉంది. గుడ్డివాడివైతే జాలిపడేదాన్ని. కళ్ళుండి చూడవు, అందుకే కొట్టాను!"

పెద్దావిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. మరిది మొహం కందగడ్డలా అయింది. మళ్ళీ వంగి చూశాడు. ఈసారి ఎక్కువసేపు చూశాడు.

"ఆ పిల్ల సంచిలో ఆయింట్‌మెంట్లు బోలెడున్నాయి," అన్నాడు చివరికి. గొంతులో బింకం ఉంది, బలం లేదు.

"ఇది రాసింది మంగళవారం సాయంత్రం ఆరూ ఆరున్నర మధ్య. ఆ టైముకి ఆ పిల్ల ఎక్కడుందో నీ ఫైల్లోనే ఉంది, చదివావా?"

చదివాడని మొహంలోనే తెలుస్తోంది. ఆరింటికి ఆ పిల్ల ఊరికి అటు చివర ఇంకో పేషెంట్ ఇంట్లో ఉంది. ఆ పిల్ల విజిట్ల రిజిస్టర్లో ఆ ఇంటి ఆయన సంతకం ఉంది.

"నేను ముట్టుకోను. నువ్వే తియ్యి. రేపు కోర్టులో వదిన తీసిందని ఎవడూ అనకూడదు," అని నా సంచిలోంచి పట్టకారూ, మూత ఉన్న చిన్న పెట్టె తీసిచ్చాను.

మరిది ఊపిరి బిగబట్టి, ఆ చిన్న తోకని పట్టకారుతో పట్టుకుని పొరని మెల్లగా ఒలిచాడు. జిడ్డూ వేలిముద్రా దానితోపాటే వచ్చేశాయి. కింద లెన్సు తళతళలాడుతోంది. పెద్దావిడ "అయ్యో" అంది, అలవాటు కొద్దీ. నాకు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. అందరిలాగా ఆవిడ కూడా మొదటి రోజే పీకి పారేసి ఉంటే, వాజిలిన్ అద్దం మీదే ఉండేది. ఏదో ఒక రుమాలు దాన్ని ఎప్పుడో తుడిచేసేది.

"సరే, వేలిముద్ర లాబ్‌కి పంపిస్తాను. రెండు రోజులు పడుతుంది. నాలుగింటికి మాత్రం ఆ పిల్ల కోర్టుకి వెళ్ళాల్సిందే," అన్నాడు పెట్టె మూత బిగిస్తూ.

"దేనికి?"

"వీడియోలో కోటుందిగా! నువ్వు అద్దం తుడిస్తే రేపటి బొమ్మ బాగుంటుంది వదినా. నిన్నటి బొమ్మ బాగుపడదు."

నిజమే చెప్పాడు. అందుకే ఇంకా కోపమొచ్చింది. అప్పుడే పెద్దావిడ ఇందాక అన్న మాట గుర్తొచ్చింది. ఊరికే ఇచ్చిన కార్డు.

"పెద్దమ్మగారూ, కెమెరాలో కార్డుందని మీ అబ్బాయికి తెలుసా?"

"వాడికెందుకు తెలుస్తుంది? వాడు ఫోన్లోనే చూస్తాడు."

యాప్‌లో చెరిపేస్తే ఆన్‌లైన్లో దాచినవి పోతాయి. కార్డులో కెమెరా తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మరిదితోనే కార్డు తీయించి, నా ల్యాప్‌టాప్‌కి తగిలించాను. భోజనాల బల్ల మీద, ప్లాస్టిక్ పరిచిన గుడ్డ మీద పెట్టాం. మరిది నా వెనక నిలబడ్డాడు, పెద్దావిడ నా పక్కన కూర్చుంది. టైము రెండూ నలభై ఎనిమిది.

మంగళవారం. సాయంత్రం ఆరు. ఆరూ అయిదు. యాప్‌లో లేనిది కార్డులో ఉంది. ఫార్వర్డ్ చెయ్యని, తగ్గించని అసలు వీడియో. ప్లాస్టిక్ పొర మసక ఉన్నా, గేటు ఊచలు లెక్కపెట్టొచ్చు.

ఆరూ పదికి స్టూలు ఈడ్చిన చప్పుడు. తర్వాత ఎడమవైపు నుంచి ఒక చెయ్యి లేచింది.

అక్కడ ఆపాను.

మొహం లేదు. మనిషి పక్కన నిలబడి చెయ్యి ఒక్కటే చాపాడు. తెలివైనవాడే. అరచెయ్యి కెమెరా వైపుంది. బొటనవేలి మీద తెల్లగా వాజిలిన్ ముద్ద. చెయ్యి లెన్సుకి జానెడు దూరంలో ఒక్క క్షణం ఆగింది, ఎక్కడ రాయాలో చూసుకుంటున్నట్టు.

"మగవాడి చెయ్యి. అయితే ఏంటి? ఊళ్ళో మగవాళ్ళందరికీ చేతులున్నాయి," అన్నాడు మరిది. కానీ గొంతు తగ్గింది.

"మణికట్టు చూడు. అరచెయ్యి మనవైపుంటే గడియారంలో ఏం కనబడాలి?"

"బకిలు."

"ఏం కనబడుతోంది?"

మరిది వంగాడు. ముళ్ళు తెలుస్తున్నాయి. ఆరూ పది.

"గడియారం ముఖం," అన్నాడు.

నేను పెద్దావిడ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. ఆవిడ చెయ్యి ముందుకొచ్చి, తెర మీద ఆ మణికట్టుని తాకింది. ఏ వస్తువునీ గీత పడుతుందని ముట్టుకోని మనిషి, వేలు గట్టిగా ఆనించింది.

"మాస్టారు అలా పెట్టుకునేవారు," అంది. "బోర్డు మీద రాస్తుంటే చెయ్యి తిప్పకుండానే టైము కనబడాలని. వాడు చిన్నప్పుడు ఆయన గడియారం పెట్టుకుని, అచ్చం అలాగే... నాన్నలాగా ఉన్నానా అమ్మా అని అడిగేవాడు."

వేలు తెర మీంచి తియ్యకుండానే మళ్ళీ ఆవిడే అంది. "ఎనిమిది నెలల కింద మేడమీద ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు. ఇల్లు అమ్ముదామని వాడు, వద్దని ఈయన. ఆ తర్వాతే పడ్డ చప్పుడు. నాన్న కాలు జారాడమ్మా అన్నాడు. నమ్మాను."

మాస్టారు పెన్సిల్ పట్టుకున్నాడన్న వార్త మంగళవారం కొడుకుకి ఫోన్లో చెప్పింది ఫిజియో అమ్మాయి, సంతోషం పట్టలేక. ఇంకో నెలలో రాస్తారని కూడా చెప్పింది. ఎనిమిది నెలలుగా మాటరాని తండ్రి మొదట రాసేది ఏమిటో కొడుకుకి తెలుసు. వార్త మోసిన పిల్ల కోటునే తొడుక్కున్నాడు.

"ఫోన్ తియ్యి," అన్నాను మరిదితో.

స్టేషన్‌కి ఫోన్ చేశాడు. "ఆ అమ్మాయిని కోర్టుకి తీసుకెళ్ళొద్దు. కుర్చీ వేసి కూర్చోబెట్టు. వాళ్ళమ్మకి కబురు చెయ్యి... నేను చెబుతున్నానుగా, చెయ్యి!" ఫోన్ పెట్టి నా వైపు చూడకుండా అన్నాడు. "వాడు ఇంట్లోనే ఉన్నాడా?"

"ఆస్పత్రికి వెళ్ళాడు, పెళ్ళానికి అన్నం ఇచ్చి వచ్చేస్తానని. ఆవిడ అక్కడే ఉంటుందిగా, ఏం..."

నా మాట పూర్తవకముందే పెద్దావిడ ఫోన్ టింగుమంది. గేటు దగ్గర ఎవరో వచ్చారని కెమెరా చెబుతోంది. ముగ్గురం ఫోన్ మీదికి వంగాం.

రెండేళ్ళలో మొదటిసారి ఆ కెమెరాలో ఒక మనిషి మొహం అద్దంలో చూసినట్టు కనబడింది. చెదిరిన జుట్టు, కళ్ళ కింద నలుపు, చెంప మీద దిండు గుర్తు, అన్నీ తెలుస్తున్నాయి. ఆమె చేతిలో అన్నం క్యారియరు ఉంది. పెద్దావిడ వేసిన ముడి కూడా విప్పలేదు.

కోడలు.

పెద్దావిడ తలుపు తీసేలోపే కోడలు లోపలికొచ్చింది. ఇన్‌స్పెక్టర్ని చూసి ఆగింది. "ఏమైందత్తయ్యా?"

"నువ్వు ఎందుకొచ్చావు?" అంది పెద్దావిడ. "మాస్టారి దగ్గర ఎవరున్నారు?"

"ఆయనొచ్చి ఇంటికెళ్ళి పడుకోమన్నారు. నాన్నగారి దగ్గర నేనుంటానన్నారు. అప్పుడే మామయ్యగారు కళ్ళు తెరిచారత్తయ్యా! ఈయన్ని చూసి చెయ్యి కూడా కదిపారు. ఈయన నన్ను బయటికి పంపి, నాన్నతో కాసేపు మాట్లాడుకుంటానని తలుపు వేసుకున్నారు."

"ఎంతసేపైంది?" అని అరిచాను.

"పావుగంట."

"గది బయట నీ కానిస్టేబుల్ ఉన్నాడుగా, వాడికి ఫోన్ చెయ్యి!" అన్నాను మరిది వైపు తిరిగి.

మా మరిది గోడ గడియారం వైపు చూశాడు. ఫోన్ చేతిలోనే ఉంది. చెయ్యి మాత్రం కదల్లేదు.

"కాపలా పొద్దున్నే ఎత్తేశాను వదినా," అన్నాడు.